చేతికి నేర్పకుండా హెలికాప్టర్ ఎగరేస్తామంటే ఒప్పుకోము



ఉగాది సభలో మన పిల్లలచేత రిమోట్ హెలికాప్టర్ ఎగరేయించాలని గ్రూపులో అనుకుంటున్నారు. సంతోషమే. కానీ "సిమ్యులేటర్ ఉత్త కంప్యూటర్ ఆట, దానికి డబ్బు దండగ, నాలుగు ఆదివారాలు నిజమైనదాన్నే పట్టిస్తే చాలు" అని కొందరు రాస్తున్నారు. ఆ మాటను మేము ఒప్పుకోము.

కొనాలంటున్నది అంగట్లో దొరికే ఆటబొమ్మ కాదు. ఇది గాలిలో ఒకచోట నిలవాలంటే రెండు చేతులూ విడవకుండా దిద్దుతూ ఉండాలి. మన దగ్గర ఎక్కువగా వాడే మోడ్ 2 రిమోట్‌లో ఎడమ కర్ర ఎత్తుకూ తోక తిప్పడానికీ, కుడి కర్ర ముందు వెనకలకూ పక్కలకూ. తోక మనవైపు ఉన్నంతసేపు పరవాలేదు. ముక్కు మనవైపు తిరిగిందా, కర్ర కుడికి తోస్తే అది మన ఎడమకు పోతుంది. "ఇప్పుడు ఏ పక్క?" అని ఆలోచించేలోపల అది నేలమీద పడుంటుంది. బుర్రను అడగకుండా చేయే కదలాలి.

చెప్పినంత మాత్రాన చేతికి రాదు. 1953లో మూర్ఛరోగానికి మెదడు ఆపరేషన్ చేయించుకున్న హెన్రీ మొలైసన్ అనే అమెరికా ఆయనకు ఆ తరువాత కొత్త సంగతులు గుర్తు నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు ఆయనచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మమీద గీత గీయించారు. మూడు రోజుల్లో చేయి బాగా కుదిరింది. ముందు గీసినట్టు మాత్రం ఆయనకు గుర్తే లేదు! చేతి జ్ఞాపకం వేరు, మాటల జ్ఞాపకం వేరు.

మన తమిళనాడు టైపురైటింగ్ ఇన్‌స్టిట్యూట్‌లలో మొదటిరోజే ఉత్తరం కొట్టమన్నారా? ఏ, ఎస్, డి, ఎఫ్ అని రోజుల తరబడి అవే అక్షరాలు కొట్టించారు. అలా కొట్టినవాళ్లే జూనియర్ పరీక్షలో నిమిషానికి 30 మాటలు అందుకున్నారు. అప్పుడు ఎవరూ దండగ అనలేదే!

సిమ్యులేటర్‌లో కూలితే ఒక బటన్ నొక్కితే సరి, మళ్లీ లేస్తుంది. నిజమైనది కూలితే రెక్కలు, ఇరుసు, పళ్లచక్రాలు మళ్లీ కొనాలి. ఏది అసలు దండగ? పైగా ఆ రెక్కలు నిమిషానికి రెండువేల చుట్ల దరిదాపుల్లో తిరుగుతాయి. ముందు వరుసలో కూర్చునేది మన మనవలూ మనవరాళ్లే.

కాబట్టి మేము అడిగేది ఇదీ. ముందు సిమ్యులేటర్ కొనండి. ఆదివారం నాలుగు గంటలు కాదు, రోజూ ఇరవై నిమిషాలు చేయించండి. మొదట తోక మనవైపు, తరువాత పక్కలు, చివర ముక్కు మనవైపు. ఒకటి కుదరనిదే రెండోదానికి పోవద్దు. తప్పుగా అలవాటైనా చేయి దాన్నే పట్టుకుంటుంది. ఆ తరువాతే మైదానం, అదీ జనానికి దూరంగా.

ఈ ఉగాదికి కాకపోతే పై ఉగాది ఉంది. పిల్లల వేలు తెగితే మళ్లీ రాదు. వచ్చే సమావేశంలో కమిటీవారు ఈ విషయం తీర్మానంగా పెట్టాలి.