నమూనా కాదు, నోటుపుస్తకము

ప్రతి సంవత్సరము పాఠశాలలలో వైజ్ఞానిక ప్రదర్శనములు, నూతనావిష్కరణల పోటీలు జరుగుచున్నవి. 1993లో ప్రారంభమైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 మొదలు 17 ఏండ్ల వయసుగల బాలబాలికలను చిన్న బృందములుగా కూర్చి, పరిసరములలోని సమస్యలను తామే పరిశోధింపుమని ప్రోత్సహించుచున్నది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారి ఇన్‌స్పైర్ అవార్డ్స్ మానక్ పథకములో ఎంపికైన ఒక్కొక్క ఆలోచనకు 10,000 రూపాయల సహాయము లభించును. 2016లో ఆరంభమైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ పాఠశాలలలో ప్రయోగశాలల కొరకు 20 లక్షల రూపాయల వరకు సహాయము ఏర్పరచినది. ఇవన్నియు సంతోషింపదగినవే. కాని ధనము, వేదిక, బహుమతి సమకూడినంత మాత్రమున శాస్త్రదృష్టి అలవడునా?

ప్రదర్శనశాలలో ఏటేట కనబడునవి ఏవి? నిప్పులు గ్రక్కు అగ్నిపర్వతము, దీపములు వెలుగు నగరము, థర్మోకోలుతో చేసిన జలవిద్యుత్కేంద్రము. వీనిలో కొన్ని అంగడిలో కొన్నవి. కొన్ని తండ్రి రాత్రియెల్ల మేల్కొని అతికించినవి. ప్రక్కన నిలిచిన బాలుడు కంఠస్థము చేసిన నాలుగు వాక్యములు అప్పగించును. ఐదవ వాక్యము అడిగినచో తల వంచును. దోషము బాలునిది కాదు. మెరుపునకు మార్కులు వేయు పెద్దలది.

సమస్య యనగా నేమో తెలియుటకు దూరము పోనక్కరలేదు. త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన దంతములు, ఎముకలు చెడు వ్యాధిని మన దేశములో తొలుత 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. పిమ్మట నల్లగొండ ఆ బాధకు మారుపేరైనది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు నీటిలో పటిక, సున్నము కలిపి, కలియబెట్టి, తేర్చి, వడకట్టు విధానమును రూపొందించిరి. అదియే నల్లగొండ పద్ధతి. అయినను పని అక్కడితో ముగియలేదు. పటిక మోతాదు తప్పినచో నీటిలో అల్యూమినియము మిగులును. అడుగున చేరిన ఫ్లోరైడు మడ్డిని ఎక్కడ పారవేయవలెనను చిక్కు వచ్చును. ఒక పరిష్కారము మరియొక ప్రశ్నకు దారితీయుట శాస్త్రములో సహజము.

ఇట్టి గ్రామములోని తొమ్మిదవ తరగతి బాలిక ఏ బోరు నీటిని ఎందరు త్రాగుచున్నారో లెక్కించి, ఆ నీటిని పరీక్షింపజేసి, లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న బోర్లను ఊరి పటముపై గుర్తించినదనుకొందము. ఆ అట్టపై దీపము వెలుగదు, చక్రము తిరుగదు. కాని ఆ పటము పంచాయతీకి చేరినచో కొందరు పసిబిడ్డల ఎముకలు దక్కవచ్చును. అగ్నిపర్వతము ప్రక్కన ఈ పటమును చూచి ఆగు న్యాయనిర్ణేతలు ఎందరు?

కావున వారు మొదట చూడవలసినది విద్యార్థి నోటుపుస్తకమును. మొదట ఏమి ఊహించితివి, ఏది తప్పినది, తప్పినట్లు ఎట్లు తెలిసినది, తరువాత ఏమి మార్చితివి అను నాలుగు ప్రశ్నలకు స్వంత మాటలలో బదులు చెప్పినవారికే బహుమతి దక్కవలెను. విఫలమైన ప్రయత్నమును దాచక వ్రాసినందుకు మార్కులు తగ్గరాదు, పెరుగవలెను. ఉపాధ్యాయులకును తీరిక కల్పింపవలెను. ఏడాదియెల్ల సిలబసు పూర్తి చేయుడని తరిమి, ప్రదర్శనమునకు వారము ముందు ఆవిష్కరణ కోరుట న్యాయము కాదు.

విద్యార్థులు ఈ యేడు పోటీకి పేరు ఇచ్చుటకు ముందు తమ వీధి కుళాయిని, పొలములోని పంపును, బడి మరుగుదొడ్డిని ఒకమారు పరికించి చూతురు గాక. అంగడిలో దొరకని సమస్య అక్కడనే దొరకగలదు.