అందం దాటితేనే కోనసీమ కథ

కోనసీమలోని రాజోలు అనగానే కొబ్బరితోటలు, వశిష్ట, వైనతేయ పాయలు, అంతర్వేది తీర్థం గుర్తుకొస్తాయి. ఇంత అందమైన చోట కథలకేం కరువని చాలామంది అంటారు. కానీ అందం ఒక్కటే కథను పుట్టించదు. అందరూ రోజూ చూసి అలవాటుపడిపోయిన విషయంలో ఎక్కడో ఏదో పొసగదు. అది ఎవరికి నిద్రపట్టనివ్వదో వాళ్ళే కథకులవుతారు. ఇందుకు ఈ సీమలోనే బలమైన సాక్ష్యం బోయి భీమన్న. 1911లో మామిడికుదురులో దళిత కుటుంబంలో పుట్టిన ఆయన కళ్ళముందూ ఇవే తోటలున్నాయి. అయినా ఆయన రాసిన నాటకం ‘పాలేరు’. కామందు దగ్గర పనికి కుదిరిన కుర్రాడు చదువుకుని అధికారి అయితే ఏమవుతుందన్న ప్రశ్నే దానికి ప్రాణం. ఆత్మకథకు సైతం ‘పాలేరు నుండి పద్మశ్రీ వరకు’ అని పేరు పెట్టుకున్నారంటే ఆ ప్రశ్న ఆయన్ని జీవితాంతం వదల్లేదన్నమాట.

అలాగైతే కష్టం చూసినవాళ్ళంతా రచయితలు కావాలి కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘గాలివాన’ కథకు 1952లో అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తుపాను కోస్తా జనానికి కొత్తేమీ కాదు. నియమాలతో బతికిన పెద్దమనిషి తుపాను రాత్రి రైల్వే స్టేషన్‌లో ఒక బిచ్చగత్తె పక్కన ఏమైపోయాడన్నదే పద్మరాజు పట్టుకున్నారు. అనుభవం అందరిదీ, పట్టు ఆయనది. కోనసీమ కథకూ అలాంటి పట్టే కావాలి. 1995 జనవరిలో ఇక్కడి పాశర్లపూడి గ్యాస్ బావిలో ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ మంట ఎత్తు పత్రికలకు వార్త. తమ నేల కింది గ్యాస్ ఎక్కడికో తరలిపోతుంటే, ప్రమాదం మాత్రం తమ గుమ్మంలోనే ఎందుకు ఉండిపోయిందని అడిగే రైతు కథకు కావాలి. 2014లో ఇక్కడి నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ప్రాణాలు తీశాక ఆ ప్రశ్నకు పదును మరింత పెరిగింది.

ఇతరుల బాధను సరుకు చేసుకోవడం కాదా ఇదంతా అన్న అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తోసెయ్యలేం. తోట గట్టున నిలబడి జాలిపడుతూ రాస్తే అది సరుకే. నేలలో పాతిన గునపానికి కొబ్బరికాయ గుచ్చి, మెలితిప్పి, డొక్క ఊడదీసే ఒలుపు కూలీ మణికట్టు సాయంత్రానికి ఎలా ఉంటుందో, కాయకు ఎంత కూలి గిడుతుందో, ధర పడిపోయిన నెలలో ఇంట్లో ఏ ఖర్చు ముందు ఆగుతుందో తెలుసుకుని రాస్తే అది పనితనం. ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళిన కోనసీమ ఆడవాళ్ళ కథలకూ ఇంత తెలుసుకోవడం అవసరం. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు ఎవరి పేరున ఉంది, ఆమె పంపిన డబ్బుతో కట్టిన ఇంటి పట్టా ఎవరి పేరున ఉంది, సెలవుకు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఆమె మాట ఎంతవరకు చెల్లుతోంది? ఇవి ఆమెనే అడగాలి. ఆమె చెప్పనంటే ఆ కథ రాయకుండా ఊరుకోవాలి.