లోపలా బయటా ఒకటే రంగు

కిందటి శరత్తులో జార్జియా వెళ్ళివచ్చాను. అమెరికాలోది కాదండోయ్! కాకసస్ పర్వతాల కింద ఉన్న చిన్న దేశం. మన పిల్లలు చాలామంది అక్కడ వైద్యం చదువుతున్నారు. వారిలో మా మేనల్లుడొకడు. "ఒక్కసారి వచ్చి చూడు మామయ్యా" అని పోరుపెడితే బయలుదేరాను.

వాడు నన్ను కఖేతీ సీమలో ఒక రైతు ఇంటికి తీసుకుపోయాడు. ద్రాక్ష కోతల రోజులు. రైతు నల్లని గుత్తి ఒకటి నా చేతికిచ్చి చిదమమన్నాడు. చిదిమేసరికి నా వేళ్ళు నేరేడుపళ్ళు తిన్న కుర్రవాడి నాలుకలా తయారయ్యాయి!

ఇందులో వింతేముందంటారా? ఉంది. నల్లద్రాక్షల్లో చాలావాటికి రంగు తోలులోనే ఉంటుంది; పిండితే రసం తెల్లగా వస్తుంది. తోలుతో కలిపి నానబెడితేనే వైను ఎరుపెక్కుతుంది. దీనికి మాత్రం కండ కూడా ఎరుపే. పేరు సపెరవి. వారి భాషలో రంగు అద్దేదని అర్థం.

ద్రాక్షతో చేసిన పానీయాల్లో నేనెరిగింది మా ఊరి వైద్యులుగారి ద్రాక్షారిష్టం ఒక్కటే. అయినా మర్యాద తప్పకూడదని, తీర్థం పుచ్చుకున్నట్టు తలా కాస్తా పుచ్చుకున్నాను.

మొదటిది పాతర వైను. మనం ధాన్యం పాతర వేసినట్టు, వారు క్వెవ్రి అనే గుడ్డు ఆకారపు మట్టిబానను మెడదాకా భూమిలో పాతి, రసం, తోలు, గింజలు అన్నీ అందులో పోసి పులియబెడతారు. 2013లో యునెస్కో ఈ పద్ధతిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఆ వైను చిక్కన, పులుపు, వగరు. రెండోది అలజాని నది కుడిగట్టు ముకుజాని. ఓక్ పీపాల్లో నిలవ చేస్తారు, తీపి ఉండదు. మూడోది ఎడమగట్టు కింజ్‌మరౌలి. పండులోని చక్కెర అంతా పులిసిపోకముందే చల్లబరచి ఆపేస్తారు. అంచేత తియ్యన. పండు మాత్రం ఒక్కటే!

"ఏది బాగా అమ్ముడుపోతుంది?" అన్నాను. మేనల్లుడే దుబాసీ.

"తియ్యనిదే. రష్యావాళ్ళకు అదంటే ప్రాణం" అన్నాడు రైతు.

2006లో రష్యా జార్జియా వైను దిగుమతి ఆపేసింది. అప్పట్లో ఎగుమతిలో అధికభాగం అక్కడికే పోయేది. ఏడేళ్ళు తలుపు తెరవలేదు. రైతులు వేరే దేశాల్లో బేరాలు వెతుక్కున్నారు. 2013లో తలుపు తెరిచింది. మళ్ళీ అధికభాగం అటే పోతున్నది.

మిర్చి పండించే ఇంట పుట్టినవాణ్ణి; కొనేవాడు ఒక్కడే అయితే రైతు గతేమిటో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. "మళ్ళీ మూస్తేనో?" అన్నాను. రైతు నవ్వలేదు. పెరట్లో బాన మూతమీద మట్టి సర్దుతూ, "అందుకే ఏటా ఈ బాన నింపడం మానలేదు. దీన్ని అడుగుతూ ఇప్పుడు ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు" అన్నాడు.

ఇంటికి వచ్చాక నా తెల్లచొక్కా మూడు ఉతుకులకూ తెల్లబడలేదు. ద్రాక్షపండు చిదిమానంతే అన్నాను. పండు చిదిమితే ఇంత రంగా అని మా ఇంటావిడ ఇప్పటికీ నమ్మడం లేదు!