చెవికి అందని నోటీసు

వెంకటగిరికోటలో ఒక అమ్మాయి ఉందనుకుందాం. చూపు లేదు. స్నేహితురాళ్లు చదివి వినిపిస్తే విని, పాఠాలు రికార్డు చేసుకుని డిగ్రీ గట్టెక్కింది. ఫోను ఆమెకు కొట్టిన పిండి. తెర మీద వేలు జరుపుతుంటే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఒక్కో మాటా పలుకుతుంది. వాట్సాప్ కబుర్లు, బ్యాంకు ఖాతాలో మిగిలిన డబ్బులు అన్నీ తనే చూసుకుంటుంది. అలాంటి పిల్ల పీజీలో చేరదామని ఒక విశ్వవిద్యాలయం పేజీ తెరిచింది. "లింక్. ఇమేజ్. క్లిక్ హియర్. క్లిక్ హియర్. క్లిక్ హియర్." ఏది హాస్టల్ దరఖాస్తో, ఏది ఫీజుల పట్టికో తెలియదు. తడుముకుంటూ అసలు నోటిఫికేషన్ తెరిస్తే ఫోను మూగబోయింది. ఇలాంటి పేజీలు మన దగ్గర కొల్లలు. ఏ ఒక్క ఊరినో వేలెత్తి చూపనక్కర్లేదు.

ఆ నోటిఫికేషన్ ఎలా తయారైందో చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆఫీసులో ఒకరు దాన్ని కంప్యూటర్‌లో టైపు చేశారు. అప్పటికి అందులోని ప్రతి అక్షరాన్నీ యంత్రం చదవగలదు. తర్వాత ప్రింటు తీశారు, రిజిస్ట్రార్ సంతకం చేశారు, ముద్ర పడింది, స్కాన్ చేసి సైటులో పెట్టారు. ఇప్పుడది కాగితానికి తీసిన ఫొటో. కంటికి తేడా లేదు, స్క్రీన్ రీడర్‌కు మాత్రం తెల్లకాగితం. మెట్ల పక్కన ర్యాంపు కట్టాలంటే సిమెంటు కావాలి, నిధులు కావాలి, టెండరు పిలవాలి. ఇక్కడ దారి ముందే ఉంది. మనమే నాలుగు పనులు అదనంగా చేసి దాన్ని మూసేస్తున్నాం.

తెలుగుకు ఇంకో చిక్కుంది. యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే చోటు దొరికినా, పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన సిలబస్‌లు, పాఠ్యపుస్తకాల ఫైళ్లు ఇంకా చలామణిలో ఉన్నాయి. వాటిలో కంటికి కనిపించేది 'క' అయినా యంత్రానికి అందేది మరేదో గుర్తు. స్క్రీన్ రీడర్ నోరు తెరిస్తే పొంతన లేని శబ్దాలు వస్తాయి. నేరం గొంతుది కాదు. చూపులేని ఒక ఆస్ట్రేలియా యువకుడు 2006లో మొదలుపెట్టి, చూపులేని మరో మిత్రుడితో కలిసి ఉచితంగా అందించిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తెలుగు కూడా చదువుతుంది. దానికి చదవదగ్గ తెలుగు మనం ఇవ్వాలి. మూడు రాష్ట్రాలు కలిసే చోట, సోదర భాషల కోసమే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన కుప్పం ప్రాంతంలో ఈ మాట మరీ ముఖ్యం. ఒకే పేజీలో తెలుగు, తమిళం, కన్నడం ఉంటే ఏ ముక్క ఏ భాషదో కోడ్‌లో చెప్పాలి. లేకపోతే ఒక భాష గొంతు మరో భాషను వికృతంగా పలుకుతుంది, లేదా దాటేసి పోతుంది.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. ఆమె దరఖాస్తు ఆగిపోదు. తమ్ముణ్ని వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు వెళుతుంది. ఆధార్ నంబరు, సదరం సర్టిఫికెట్, మార్కులు, కులం, నాన్న ఆదాయం అన్నీ క్యూలో నిలబడ్డ పదిమంది వింటుండగా పైకి చెబుతుంది. ఓటీపీ కూడా చెబుతుంది. అక్కడి అబ్బాయి మంచివాడే కావచ్చు, హడావుడిలో ఆప్షన్ల వరుస తారుమారు చేసినా ఆమెకు తెలిసే వీలు లేదు. సైటు సరిగ్గా ఉంటే ఇంట్లో కూర్చుని తానే నింపుకోగలిగిన ఫారం అది. గణాంకాల్లో ఆమె 'దరఖాస్తు చేసుకున్నవారి' కిందే లెక్క. ఆమె పోగొట్టుకున్నది ఏ పట్టికలోనూ చేరదు. నాకు అన్నిటికన్నా బాధగా తోచేది ఇదే.

దివ్యాంగుల హక్కుల చట్టం (2016) ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది. ఎలక్ట్రానిక్ సమాచారం వారికి అందే రూపంలో ఉండాలని 42వ సెక్షన్‌లో చెప్పింది. రాజీవ్ రాటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఇలా అందుబాటులో ఉంచేందుకు పెట్టిన ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి చేయాలని తీర్పునిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయమే. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు డిజిటల్ సేవలు అందుకోవడాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది.

చట్టానికి జడిసి తొందరపడటమూ మంచిది కాదు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం వీడియో పాఠాలు వినికిడి లేనివారికి పనికిరావడం లేదని ఆ దేశ న్యాయశాఖ తప్పుపట్టింది. 2017లో ఆ సంస్థ ఇరవై వేలకు పైగా పాఠాలను ప్రజలకు అందకుండా తీసేసింది. అందరికీ అందించమంటే ఎవరికీ లేకుండా చేసింది.

తీసేయడం కాదు, అందేలా చేయడానికి ఆదర్శం మన దగ్గరే ఉంది. యంత్రానికి మనిషి మాట అర్థమయ్యేలా చేసే పరిశోధనకు తొలి బాటలు వేసినవారిలో రాజ్‌రెడ్డి ఒకరు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆయన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. ఇవాళ వీడియో కింద దానంతటదే అక్షరాలు పడుతున్నాయంటే అందులో ఆ తరం కృషి ఉంది. పది లక్షల పుస్తకాలను డిజిటల్ చేయాలన్న సంకల్పమూ ఆయనదే. అలా స్కాన్ చేసి భద్రపరిచిన తెలుగు పుస్తకాల బొమ్మలను చెవికి అందే అక్షరాలుగా మార్చే పని మన విశ్వవిద్యాలయాలు తలకెత్తుకోవాలి.

అది పెద్ద పని, ఏళ్లు పడుతుంది. వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్‌కు మాత్రం అంత వ్యవధి అక్కర్లేదు. సంతకం ఉన్న ప్రతి ఉండనివ్వండి, టైపు చేసినదాన్నీ పక్కనే పెట్టండి. ప్రతి లింకుకూ దాని పేరు రాయండి. క్యాప్చాకు వినే మార్గం ఇవ్వండి. నెల ముందుగా చూపులేని విద్యార్థులు ఇద్దరు ముగ్గురిని పిలిచి, పారితోషికమిచ్చి, మొదటి పేజీ నుంచి ఫీజు రశీదు దాకా ఎవరి సాయమూ లేకుండా నింపి చూడమనండి. ఎక్కడెక్కడ ఆగారో రాసుకుని, అవన్నీ సరిచేశాకే దరఖాస్తుల తేదీ ప్రకటించండి.