అమెరికా జాతీయోద్యానాధికారులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

1872లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన యెల్లోస్టోన్‌ను, కృష్ణాతీరమున సముద్రమట్టమునకు చేరువగా జీవితమంతయు గడపిన మా తల్లిగారితో కలిసి, కారులో చూడవచ్చిన కుటుంబము మాది. 142 మైళ్ల మీ గ్రాండ్ లూప్ మార్గము వృద్ధులకు మహోపకారి. బైసన్ మంద దారికడ్డముగా నిలిచినపుడు ఆమె కారు దిగకయే తనివితీరఁ జూచి, మా యూరి గేదెలకు ఇంత పొగరు లేదనిరి.

అయితే ఆ ప్రదేశము చాలవఱకు ఏడువేల అడుగులకు మించిన యెత్తున నుండుటచేత, పలుచని గాలికి అలవాటుపడని వృద్ధులు కొయ్యబాటపై కొంతదూరము నడచునంతలో ఆయాసపడి, ఇరువైపుల పొగలు గ్రక్కు వేడినీటి గుంటలుండుటచే బాట దిగి కూర్చుండుటకును వీలులేక, దిక్కులు చూతురు. బాట విడువరాదను మీ నియమము ప్రాణరక్షకమే. నేల పైపొర క్రిందనే మరుగునీరుండునని మేమెఱుఁగుదుము. విదేశములనుండి వచ్చిన తల్లిదండ్రులకు వృద్ధుల రాయితీ పాసు వర్తింపదను మాటను (అది శాసనకర్తల పని కనుక) ఇచట తడవము. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అను వేడినీటి బుగ్గ ముంగిట బారులుదీర్చిన బల్లలవంటివి దూరపు బాటల మలుపులందును మఱికొన్ని వేయింపుఁడు. ప్రతి బాట మొదటను దాని పొడవు, మెట్లు, ఎత్తు పెద్ద యక్షరములతో వ్రాయింపుఁడు. ఇందులో సగమైనను నెరవేరినచో, వచ్చు వేసవికి మా మేనత్తగారినిగూడ తోడ్కొనివత్తుము.

ఇట్లు,
యాత్రికుఁడొకఁడు