ఒక్క బిస్కెట్టే కదా!

మా కరియ చెవులు ఎర్రబడేవి, పాదాలు నాకి నాకి పుండ్లు చేసుకునేవాడు. అందరూ గజ్జి అన్నారు. డాక్టర్ మాత్రం తిండి పడట్లేదేమో చూద్దామన్నారు. ఎనిమిది వారాలు అంతకుముందెప్పుడూ తినని తిండే పెట్టాలి, ఇంకేదీ ముట్టనివ్వకూడదు. మడివాళ మార్కెట్లో చేప, గెణసు (అదే, చిలగడదుంప) తెచ్చి ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించేదాన్ని. ఆరో వారం అవ్వ చాటుగా పాల బిస్కెట్ పెట్టేసింది. "ఒక్కటే కదమ్మా, నోరులేని జీవం!" లెక్క మళ్ళీ మొదటికి. చివరికి తేలింది: చికెన్, పాలు రెండూ పడవు.

2025లో బీబీఎంపీ వీధి కుక్కలకు చికెన్ రైస్ పెడతామంటే ఊరంతా నవ్వింది. నేను నవ్వను, ఆకలికి అదే మేలు. నా గొడవ మనతోనే. కాలేజీ గేటు దగ్గర గోక్కుంటున్న కుక్కకి రోజూ బిస్కెట్ వేసి ఫోటో తీసుకుంటాం. బిస్కెట్‌లో గోధుమ, పాలు ఉంటాయి. కుక్కలకి ఎక్కువగా పడనివాటిలో అవీ ఉన్నాయి. ఆ డబ్బులు పోగేసి ఒక్కసారి డాక్టర్‌కి చూపిద్దామా?

అవ్వని పెట్టొద్దంటే ఊరుకోదు. అందుకే ఉడికించిన గెణసు ముక్కలు వేరే డబ్బాలో పెట్టి 'కరియందు' అని కన్నడలో రాశాను. అవ్వకి చదువు రాదు. ఎర్రమూత గుర్తు.