బావినీటి పరీక్ష యెవరి చేతిలో నుండవలెను?

మొక్కజొన్న, చెరకు పండించు రైతులకు అట్రజీన్ అను కలుపుమందు క్రొత్తది కాదు. కూలిమనుషులు దొరకని రోజులలో దాని వలన కలుగు ఉపకారమును మేము తక్కువ చేసి చెప్పబోము. కాని చల్లిన మందు చేనిలోనే నిలిచియుండదు. వాననీటితో కాలువకును, నేలలో నింకి బావికిని చేరగలదు. చేరినదో లేదో కన్ను చెప్పజాలదు.

భారతీయ ప్రమాణముల సంస్థవారు 2012లో సవరించిన నియమముల ననుసరించి, త్రాగునీటిలో అట్రజీన్ లీటరునకు 2 మైక్రోగ్రాములు మించరాదు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షవ వంతు. ఐరోపా సమాఖ్యవారి హద్దు మరింత కఠినమైనది: 0.1 మైక్రోగ్రాము మాత్రమే. అయితే హద్దు వ్రాసినంత మాత్రమున నీరు శుభ్రపడదు, దానిని కొలుచువారుండవలెను. నేడు అట్టి కొలతకు నీటిని సీసాలో పట్టి, ఖరీదైన యంత్రములు గల నగర ప్రయోగశాలకు పంపవలసియున్నది. ఫలితము వచ్చువరకు ఇంటిల్లిపాదియు ఆ నీటినే త్రాగుచుందురు.

ఈ చిక్కును విడదీయుటకు శాస్త్రజ్ఞులొక మార్గము చూపియున్నారు. మెత్తని మట్టిలో నాణెము నొత్తి తీసినచో, దానికి సరిపోవు అచ్చు మిగులును గదా! ఆ రీతిగనే మెథాక్రిలిక్ ఆమ్లము మొదలగు పదార్థములలో అట్రజీన్ అణువులను కలిపి, వెలుతురు సోకించి గట్టిపరచి, పిమ్మట ఆ అణువులను కడిగివేయుదురు. అప్పుడా పలుచని ప్లాస్టిక్ పొరలో అట్రజీన్‌కు తగిన గుంటలు మిగులును. నీటిలోని అట్రజీన్ వచ్చి వానిలో కుదురుకొన్నప్పుడు పొర గుండా విద్యుత్తు ప్రసరించు తీరు మారును. ఆ మార్పును చిన్న మీటరు చూపును.

ఈ అచ్చువిద్యకు జర్మనీలో గుంటర్ వుల్ఫ్, స్వీడనులో క్లౌస్ మోస్‌బాక్ పునాదులు వేసిరి. కీవ్ నగర శాస్త్రజ్ఞులు దానిని పొరలకు అన్వయించిరి. 1999లో ప్రకటింపబడిన వారి పరికరము పరిశోధనశాలలో, లీటరునకు సుమారు 1 మైక్రోగ్రాము అట్రజీన్‌ను 6 మొదలు 10 నిమిషములలో గుర్తించినది. ఐరోపా హద్దునకు ఆ చూపు చాలదు. మన హద్దునకు చాలును.

అయినను ఇది నేటికిని మన గ్రామములలో వాడుకవస్తువు కాలేదు. కారణములు లేకపోలేదు. బావినీటిలోని లవణములు కూడ విద్యుత్ప్రసారమును మార్చును. అట్రజీన్‌కు జ్ఞాతి యైన సిమజీన్ కూడ కొంతవరకు ఆ గుంటలలో చొరబడవచ్చును. ఒక మందుకు వేసిన అచ్చు వేరొక మందును గూర్చి ఏమియు చెప్పదు. కావున మీటరు కదలనంత మాత్రమున నీరు నిర్మలమని తలపరాదు.

ఇట్టి అరకొర పరికరము జనులను వృథాగా భయపెట్టునని కొందరనవచ్చును. మేము అంగీకరింపము. ఇంట థర్మామీటరున్నంత మాత్రమున వైద్యుని మానుకొన్నవారెవరు? అది జ్వరమున్నదని తెలిపి వైద్యుని యొద్దకు త్వరగా పంపును. ఈ పొర చేయవలసిన పనియు అంతే. అనుమానము కలిగిన నీటిని అది ఏర్పరచి చూపవలెను. తీర్పు ప్రయోగశాల చెప్పవలెను.

కావున విశ్వవిద్యాలయములు ఈ విద్యను పత్రికలలో వ్యాసములకే పరిమితము చేయక, మన బావుల నీటిలోనే పరీక్షించి చౌకపరికరముగ రూపొందింపవలెనని మేము కోరుచున్నాము. అది పంచాయతీలోనో, ఉన్నత పాఠశాలలోనో ఉండవలెను. ఫలితమును కాగితపు దొంతరలలో దాచక, ఆ యూరివారు చదువుకొను భాషలన్నిటిలోను గోడపై వ్రాయవలెను. కన్నడసీమలోనైనను, తమిళసీమలోనైనను తరతరములుగా సేద్యము చేయుచున్న మన కుటుంబములకు ఇది పరాయి విషయము కాదు. నీరు త్రాగువానికే ఆ నీటి సంగతి కడపట తెలియుట న్యాయము కాదు.